దురద చర్మానికి.. పత్యం పొట్టకి!

పిల్లల ఎగ్జిమాకు తిండి మానిపించడమే మందా? పేగులో ఏం జరుగుతోందో తేల్చిన పరిశోధనలు మరో మాట చెబుతున్నాయి

చంటిబిడ్డ బుగ్గలు ఎర్రగా కంది, గోకి గోకి రసి కారడం మొదలైతే ఇంట్లో మొట్టమొదట ఆగిపోయేది పప్పు. ఆ వెనకే వంకాయ, గోంగూర, గుడ్డు, చేప, వేరుశనగ. పాలిచ్చే తల్లయితే ఆమె కంచంలోంచి కూడా ఇవన్నీ మాయమవుతాయి. నెల తిరిగేసరికి తల్లికి మిగిలేది చారన్నం, బిడ్డకు మిగిలేది పలచటి గంజి. దురద మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

సరిహద్దు ఊళ్లలో ఈ పత్యానికి భాషాభేదం లేదు. హోసూరులో తమిళ పొరుగింటావిడ ఈ జబ్బును 'కరప్పాన్' అంటుంది. కరప్పాన్‌ను రేపే తిండ్ల జాబితా ఆమె దగ్గరా ఒకటి ఉంటుంది. బళ్లారి వైపు కన్నడిగులు 'ఇసుబు' అంటారు. మనవాళ్లు తామర అనో, గజ్జి అనో ఒక్క మాటతో తేల్చేస్తారు. మొదటి చిక్కు అక్కడే వస్తుంది. తామర ఫంగస్ వల్ల వచ్చేది. గజ్జి కంటికి ఆనని పురుగు చర్మంలో తొలుచుకుపోవడం వల్ల వచ్చేది. రెండూ ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి. పసిపిల్లల బుగ్గల మీద, కాస్త పెద్దయ్యాక మోచేతి, మోకాలి మడతల్లో వస్తూ పోతూ ఉండే పొడి దురద ఈ రెండిట్లో ఏదీ కాదు. దాన్ని డాక్టర్లు ఎగ్జిమా అంటారు. అది అంటుకోదు. చర్మం పొర బలహీనంగా ఉండటం, దానికి తోడు ఒంట్లోని రోగనిరోధక శక్తి అనవసరంగా తొందరపడటం వల్ల వచ్చేది.

మరి దీనికీ తిండికీ సంబంధమే లేదా? ఉంది. గత పాతికేళ్లలో జరిగిన పరిశోధనలు ఆ సంబంధాన్ని ఒక్కో ముడీ విప్పుకుంటూ వచ్చాయి. కాకపోతే అది మనం వెతుకుతున్న దిక్కున లేదు. పెట్టడం మానేసినప్పుడు కనిపించిన మేలు కంటే, వేళకు పెట్టినప్పుడు కనిపించిన మేలే ఎక్కువ.

పొలుసుల ఎలుక

ఈ ముడికి ఒక కొస అమెరికాలోని ఓక్‌రిడ్జ్ ప్రయోగశాలలో దొరికింది. 1940ల్లో అక్కడ రేడియేషన్ ప్రభావాల మీద పని జరుగుతున్న రోజుల్లో కొన్ని మగ ఎలుకపిల్లలు తేడాగా పుట్టాయి. చర్మం పొలుసులు పొలుసులుగా రాలేది. కొద్ది వారాలకే చచ్చిపోయేవి. వాటికి 'స్కర్ఫీ' అని పేరు పెట్టారు. అసలు కారణం మాత్రం దశాబ్దాల పాటు తేలలేదు. 2001లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఆ లోపం ఏ జన్యువులో ఉందో పట్టుకున్నారు. దానికి ఫాక్స్‌పి3 అని పేరు.

అదే జన్యువు దెబ్బతిన్న మగబిడ్డలు మనుషుల్లోనూ ఉన్నారు. చాలా అరుదు. ఆ బిడ్డలకు పుట్టిన కొద్ది రోజులకే తగ్గని విరేచనాలు, ఒళ్లంతా ఎగ్జిమా, ఊహ తెలియని వయసులోనే షుగరు వ్యాధి. ఒకే ఒక్క జన్యువు పాడైతే పేగూ, చర్మమూ కలిసి కుదేలయ్యాయన్నమాట.

జపాన్‌కు చెందిన షిమోన్ సకగుచి 1995లోనే రోగనిరోధక కణాల్లో ఒక ప్రత్యేక రకాన్ని చూపించారు. రెగ్యులేటరీ టి కణాలు అంటారు వాటిని. లాఠీ ఎత్తిన కానిస్టేబులు చెయ్యి పట్టుకుని 'ఆగవయ్యా, వీడు మనూరోడే' అని వెనక్కు లాగే హెడ్డు లాంటివి అవి. ఆ హెడ్డును తయారుచేసేది ఫాక్స్‌పి3 జన్యువేనని 2003లో తేలింది. ఈ ముగ్గురికీ కలిపి 2025లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు.

శరీరంలోని రోగనిరోధక కణాల్లో పెద్ద వాటా పేగు గోడల్లోనే మకాం వేసి ఉంటుంది. ఉండక తప్పదు కూడా. రోజుకు మూడు పూటలా బయటి సరుకు వచ్చిపడేది అక్కడే కదా. పప్పులోని ప్రొటీనూ ఒంటికి పరాయిదే, కలరా క్రిమీ పరాయిదే. ఒకదాన్ని చేరదీయాలి, ఇంకోదాన్ని తరమాలి. ఏది ఏదో పుట్టుకతో రాదు. పసితనంలో తిండి తగిలేకొద్దీ పేగు నేర్చుకుంటుంది. ఈ నేర్చుకోవడం ఎలా ఉంటుందో లోకానికి తెలియజెప్పింది మన మెట్టపొలాల పంటే.

బుడ్డల కథ

అనంతపురం వైపు బుడ్డలు, శెనక్కాయలు. తెలంగాణలో పల్లీలు. బళ్లారి, సోలాపూర్‌లలో శేంగా. ఏ పేరుతో పిలిచినా పావగడ, చళ్లకెర నుంచి అనంతపురం దాకా మెట్టరైతు బతుకు ముడిపడింది ఈ పంటతోనే. ఇక్కడి పిల్లలు పళ్లు రాకముందే చట్నీ నాకేస్తారు. బడికెళ్లే వయసుకు జేబులో ఉడకబెట్టిన కాయలుంటాయి.

బ్రిటన్‌లో పరిస్థితి వేరు. వేరుశనగ పడక ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతు వాచి, ఊపిరాడక ఆసుపత్రి పాలయ్యే పిల్లలు అక్కడ ఏటికేడు పెరుగుతూ వచ్చారు. అందులోనూ పసితనంలో గట్టి ఎగ్జిమా ఉన్న పిల్లలకే ఈ ముప్పు ఎక్కువ. దాంతో అలర్జీలున్న కుటుంబాల పిల్లలకు మూడేళ్లు నిండేదాకా వేరుశనగ పెట్టొద్దని 1998లో బ్రిటన్, 2000లో అమెరికా పిల్లల వైద్యులు సలహా ఇచ్చారు. అచ్చం మన పత్యమే, కాకపోతే తెల్లకోటు వేసుకున్న పత్యం. పదేళ్లు గడిచినా అలర్జీలు తగ్గలేదు సరికదా, పెరిగాయి. 2008లో అమెరికా సంఘం ఆ సలహాను వెనక్కు తీసుకుంది.

లండన్ వైద్యుడు గిడియన్ లాక్ ఒకసారి టెల్ అవీవ్‌లో ఉపన్యాసమిస్తూ, ఈమధ్య వేరుశనగ అలర్జీ కేసు చూసినవాళ్లు చేతులెత్తండని సభలోని వైద్యుల్ని అడిగారట. రెండు వందల మందిలో రెండో మూడో చేతులు లేచాయి. అదే ప్రశ్న లండన్‌లో వేస్తే దాదాపు అందరూ చెయ్యెత్తేవారు. అక్కడ మొదలైంది అన్వేషణ. ఇజ్రాయెల్‌లో పళ్లు రాని పిల్లలకు కూడా 'బాంబా' అనే చిరుతిండి పెడతారు. మొక్కజొన్న, వేరుశనగలతో చేసినది, నోట్లో పెట్టుకుంటే కరిగిపోతుంది. లాక్, ఆయన సహచరులు రెండు దేశాల యూదు పిల్లల్నీ పోల్చి 2008లో లెక్కలు బయటపెట్టారు. జాతి ఒక్కటే అయినా బ్రిటన్ పిల్లల్లో వేరుశనగ అలర్జీ 1.85 శాతం, ఇజ్రాయెల్ పిల్లల్లో 0.17 శాతం.

పోలిక ఒక్కటే సరిపోదు, పరీక్ష పెట్టాలి. నాలుగు నుంచి పదకొండు నెలల వయసున్న 640 మంది పిల్లల్ని తీసుకున్నారు. అందరికీ గట్టి ఎగ్జిమా గానీ, గుడ్డు అలర్జీ గానీ, రెండూ గానీ ఉన్నాయి. ముందుగా చర్మపరీక్ష చేసి, వేరుశనగకు అప్పటికే బలంగా స్పందించినవాళ్లను పక్కన పెట్టేశారు. మిగిలినవాళ్లలో సగం మందికి ఐదేళ్లు నిండేదాకా వేరుశనగ వాసన కూడా తగలనివ్వలేదు. మిగతా సగానికి వారానికి మూడుసార్లకు తగ్గకుండా పెట్టారు, మొత్తం మీద ఓ గుప్పెడు గింజల్లో ఉండేంత ప్రొటీను. ఐదో ఏట చూస్తే తినని పిల్లల్లో 17.2 శాతం మందికి అలర్జీ. తిన్న పిల్లల్లో 3.2 శాతం మందికే. 2015లో ఈ ఫలితం వెలువడ్డాక పడమటి దేశాల వైద్యులు సలహాను తలకిందులు చేసుకున్నారు. అదే పిల్లలు పన్నెండు పదమూడేళ్ల వాళ్లయ్యాక మళ్లీ పరీక్షించి 2024లో వివరాలిచ్చారు. మధ్యలో ఇష్టమైతే తిన్నారు, లేకపోతే మానేశారు, అయినా రక్షణ నిలిచే ఉంది. అమెరికాలో కొత్త సలహా వచ్చాక చిన్నపిల్లల్లో వేరుశనగ అలర్జీ 40 శాతానికి పైగా తగ్గిందని 2025లో వచ్చిన మరో అధ్యయనం చెప్పింది.

దొడ్డిదారిన వస్తే శత్రువు

మరి అసలు తినని పిల్లలకు అలర్జీ ఎక్కణ్ణుంచి వచ్చింది? చర్మం నుంచి. 2003లో ఇదే లాక్ బృందం బ్రిటన్‌లోని ఏవన్ ప్రాంతపు 13,971 మంది పిల్లల వివరాలు తిరగేసింది. ఎగ్జిమా పుళ్ల మీద వేరుశనగ నూనె కలిసిన క్రీములు రాసిన పిల్లల్లో ఆ అలర్జీ ఎక్కువగా కనిపించింది. పగిలిన చర్మంలోంచి దూరిన ప్రొటీనును ఒళ్లు దొంగగా లెక్కేసింది. అదే ప్రొటీను నోట్లోంచి పేగులోకి రాచమార్గంలో వస్తే చుట్టంగా చూసింది. తిండి పెట్టకుండా చర్మాన్ని పగులుగా వదిలేయడమంటే, వీధి తలుపు మూసి దొడ్డి తలుపు తెరిచినట్టే.

ఈ పగుళ్లకు కొంత పుట్టుక కారణం. చర్మం పైపొరను అతికి ఉంచే ఫిలగ్రిన్ అనే ప్రొటీను జన్యువులో లోపముంటే ఎగ్జిమా ముప్పు బాగా పెరుగుతుందని 2006లో స్కాట్లాండ్‌లోని డండీ పరిశోధకులు చూపించారు. అందుకే ఎగ్జిమాను 'లోపలి వేడి' అని వదిలేయకుండా ముందు చర్మం పొరను సరిచేయమంటారు వైద్యులు.

చాలామంది ఇళ్లలో ఎగ్జిమా మచ్చల మీద వంటనూనే రాస్తారు. ఏవన్ లెక్కలు చూశాక, పగిలి రసి కారుతున్న చోట వేరుశనగ నూనె రాయకపోవడమే మంచిది. ఒక మోస్తరు ఎగ్జిమా ఉన్న 117 మంది పిల్లల మీద ఫిలిప్పీన్స్‌లో చేసి 2014లో ప్రకటించిన పరీక్షలో గానుగ కొబ్బరినూనె, ఖనిజ నూనె కంటే మెరుగని తేలింది. మన అమ్మమ్మలకు ఈ ఒక్క విషయంలో మార్కులు వేయొచ్చు.

పేగులోని పాలేర్లు

పేగుకు పాఠం చెప్పేది తిండి ఒక్కటే కాదు. అక్కడ కాపురముండే కోటానుకోట్ల సూక్ష్మజీవులకూ అందులో వాటా ఉంది. మనం అరిగించుకోలేని పీచును అవి పులియబెట్టి బ్యుటిరేట్ వంటి ఆమ్లాలు తయారుచేస్తాయి. ఈ ఆమ్లాలు అందితే పేగులో ఇందాక చెప్పుకున్న 'హెడ్డు' కణాలు పెరుగుతాయని 2013లో అమెరికా, జపాన్ ప్రయోగశాలలు ఎలుకల్లో చూపించాయి. పీచు తగ్గితే పాలేర్లకు పస్తు. పాలేర్లు పస్తుంటే కాపలా సడలుతుంది.

అరగని పిండిపదార్థం గురించి చెప్పుకోవాలంటే మన పక్కనే ఉన్న వేలూరు పేరు ఎత్తాలి. చిత్తూరు, తిరుత్తణి వైపు తెలుగువాళ్లకు ఒంట్లో బాగోకపోతే మొదట గుర్తొచ్చే క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో బి.ఎస్. రామకృష్ణ బృందం కలరా రోగులకు ఇచ్చే ఓఆర్ఎస్ నీళ్లలో, చిన్నపేగులో అరగకుండా పెద్దపేగు దాకా చేరే మొక్కజొన్న పిండిని కలిపి చూసింది. సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి ఆమ్లాలు చేస్తాయి, ఆ ఆమ్లాలు పెద్దపేగు నీటిని లాక్కునేలా చేస్తాయి. 48 మంది రోగుల మీద చేసిన ఈ పరీక్షలో మామూలు ఓఆర్ఎస్ కంటే విరేచనాలు త్వరగా కట్టాయి. 2000లో ప్రపంచంలోని పేరున్న వైద్యపత్రిక దాన్ని అచ్చేసింది. వండి చల్లార్చిన అన్నంలోనూ ఇలా అరగని పిండి కొంత తయారవుతుంది. మన చద్దన్నం, బరంపురం వాళ్ల పఖాళ, తమిళుల పళయ సోరు, కన్నడిగుల తంగళన్నం అన్నీ ఒక తానులో ముక్కలే. అంతమాత్రాన చద్దన్నం ఎగ్జిమాకు మందని ఎవరైనా చెబితే నమ్మక్కర్లేదు. పాలేర్లకు కూలి ముట్టజెప్పే తిండి అది, అంతవరకే.

మరి ఆ సూక్ష్మజీవుల్నే పొడి చేసి పొట్లం కట్టి ఇస్తే? ఈ ఆశను రేపింది ఫిన్లాండ్. టుర్కు నగరంలో మార్కో కల్లియోమాకి, ఎరికా ఇసొలౌరి బృందం అలర్జీలున్న కుటుంబాల గర్భిణులకు కాన్పుకు ముందు కొన్ని వారాలు, కాన్పయ్యాక ఆరు నెలలు తల్లికో బిడ్డకో లాక్టోబాసిల్లస్ జీజీ అనే సూక్ష్మజీవిని ఇచ్చింది. రెండేళ్లకు చూస్తే ఇవ్వని పిల్లల్లో 46 శాతం మందికి, ఇచ్చిన పిల్లల్లో 23 శాతం మందికి ఎగ్జిమా. సగానికి సగం! 2001లో ఈ వార్త వచ్చాక ప్రొబయోటిక్ వ్యాపారానికి రెక్కలొచ్చాయి.

తర్వాత కథ అంత సాఫీగా సాగలేదు. అదే సూక్ష్మజీవితో జర్మనీలో మళ్లీ చేసి 2008లో చూస్తే ఇచ్చినా ఇవ్వకపోయినా తేడా లేదు. అదే ఏడాది న్యూజిలాండ్‌లో రెండు రకాలు పక్కపక్కనే పరీక్షిస్తే ఒకటి ఎగ్జిమాను సగానికి తగ్గించింది, రెండోది ఏమీ చేయలేదు. ఇక వచ్చేసిన ఎగ్జిమాను తగ్గించే విషయానికొస్తే, 39 పరీక్షల్ని, 2,599 మంది రోగుల వివరాల్ని కలిపి చూసిన 2018 నాటి కోక్రేన్ సమీక్ష ప్రొబయోటిక్‌ల వల్ల పెద్ద తేడా లేదని తేల్చింది. మెడికల్ షాపు అద్దాల వెనక మెరిసే పొట్లం మీద 'కోట్ల సూక్ష్మజీవులు' అని ఉంటే సరిపోదు. ఏ జాతి, ఏ రకం, ఎవరికి, ఏ వయసులో అన్నది తేలాలి.

అలా తేల్చుకుని చేసిన పని ఒకటి మన ఒడిశాలోనే జరిగింది. చర్మం కోసం కాదు, ప్రాణం కోసం. పినాకి పాణిగ్రాహి బృందం పేగులో నిలదొక్కుకునే లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ రకాన్ని ఏరి, దానికి ఆహారంగా ఒక చక్కెర పీచును జతచేసి, పల్లెల్లోని నవజాత శిశువులకు వారం రోజులు నోటి ద్వారా ఇచ్చింది. తల్లిపాలు తాగే 4,556 మంది పిల్లల మీద పరీక్ష. రక్తంలో విషం చేరడం, మరణం కలిపి చూస్తే ఉత్తుత్తి మందు ఇచ్చినవారిలో 9 శాతం, అసలు మందు ఇచ్చినవారిలో 5.4 శాతం. ఊపిరితిత్తుల జబ్బులూ తగ్గాయి. 2017లో 'నేచర్' పత్రికలో వచ్చింది. ఒక్కో బిడ్డకు ఖర్చు సుమారు ఒక డాలరు. పేగులో మొదటి వారంలో ఎవరు కాపురం పెట్టారన్నది ఒంటి మొత్తానికీ లెక్కేనని ఒడిశా పల్లెలు చూపించాయి.

ఫిన్లాండ్ పిల్లల పేగు, మన పిల్లల పేగు ఒకటి కాదన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. భోపాల్, కేరళల నుంచి 110 మంది ఆరోగ్యవంతుల్ని తీసుకుని 2019లో ప్రకటించిన అధ్యయనంలో, ఒకే దేశంలోని ఈ రెండు చోట్లే తేడాలు బయటపడ్డాయి. శాకాహారం ఎక్కువగా తినే భోపాల్ వారిలో ప్రివొటెల్లా అనే జాతిది పైచెయ్యి. తిండి మారితే పాలేర్లు మారతారు.

కాగితం మీద అలర్జీ

ఇప్పుడు అసలు గొడవ. ఈమధ్య పట్టణాల్లో పిల్లాడికి దురదనగానే రక్తం తీసి, పదుల కొద్దీ తిండిపదార్థాల పేర్లతో కాగితం చేతికిస్తున్నారు. బిల్లు వేలల్లో ఉంటుంది. పాలు, గోధుమ, కందిపప్పు, టమాటా, వేరుశనగ.. ఎదురుగా 'పాజిటివ్'. తల్లి ఆ కాగితాన్ని వంటింటి గోడకు అంటిస్తుంది. ఆ రోజు నుంచి బిడ్డ కంచం ఖాళీ.

ఆ కాగితం ఎంతవరకు నమ్మొచ్చో చెప్పే లెక్క కర్ణాటకలోనే ఉంది. బెంగళూరు, మైసూరు ప్రాంతాల్లో 11,791 మంది పెద్దవాళ్ల మీద జరిగిన అధ్యయనం వివరాలు 2016లో వచ్చాయి. రక్తపరీక్షలో ఏదో ఒక తిండి మీద ప్రతిరక్షకాలు కనిపించినవారు 26.5 శాతం. తిన్నప్పుడు బాధలూ ఉండి, నిజంగా అలర్జీ అయివుండొచ్చని తేలినవారు 1.2 శాతమే. మిగతావాళ్లంతా ఆ తిండి హాయిగా తిని అరిగించుకుంటున్నవాళ్లే. ఇదే వరుసలో పిల్లల మీద జరిగిన అధ్యయనంలో (2020) హాంకాంగ్‌లో 1.5 శాతం మందికి తిండి అలర్జీ ఉంటే, మనదేశపు పిల్లల్లో అది 0.14 శాతం. వెయ్యి మందికి ఒకరిద్దరు. పరీక్షలో 'పాజిటివ్' వచ్చిందంటే ఒళ్లు ఆ తిండిని గుర్తుపట్టిందని అర్థం. గుర్తుపట్టడం వేరు, పగబట్టడం వేరు.

తిండి మానిపిస్తే దురద తగ్గదా అంటే, పది పరీక్షల్ని, 599 మంది వివరాల్ని కలిపి 2022లో చూశారు. తగ్గిన మాట నిజమే గానీ, పట్టించుకోదగ్గంత కాదు. దానికి కట్టే మూల్యం మాత్రం తక్కువ కాదు. షికాగోలో ఎగ్జిమా పిల్లలు 298 మంది రికార్డులు పరిశీలిస్తే, అంతకుముందు ఏ తక్షణ అలర్జీ లేని పిల్లల్లోనే 19 శాతం మందికి పత్యం పెట్టాక కొత్తగా అలర్జీ వచ్చింది (2016). నిన్నటి దాకా తిన్న గుడ్డే, కొన్ని నెలలు మాన్పించి మళ్లీ పెడితే దద్దుర్లు లేపింది. పాఠం మధ్యలో ఆపిన పిల్లాడు అక్షరాలు మర్చిపోయినట్టు, పేగు కూడా మర్చిపోయింది.

నిజంగా తిండి మానాల్సిన చర్మవ్యాధి లేకపోలేదు. 1884లో లూయీ డ్యూరింగ్ వర్ణించిన ఒక రకం పొక్కుల జబ్బు గోధుమలోని గ్లూటెన్ వల్ల పేగు దెబ్బతిన్నవాళ్లకు వస్తుంది. గోధుమ పూర్తిగా మానేస్తే తగ్గుతుంది. అలాగని సోరియాసిస్‌కూ, మొటిమలకూ గోధుమ మానమని చెప్పే సలహాలు వింటే నవ్వొస్తుంది. గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉత్తరాదిలో 1.23 శాతం మందిలో ఉంటే దక్షిణాదిలో 0.10 శాతమేనని రామకృష్ణ తదితరులు 2016లో లెక్క చెప్పారు. సోరియాసిస్ సంగతికొస్తే, కూరగాయలు, పప్పులు, చేపలు ఎక్కువగా తినేవారిలో జబ్బు తీవ్రత తక్కువగా ఉందని 2018లో ఫ్రాన్స్ అధ్యయనం చెప్పింది. అక్కడా మాట 'తినండి' అనే.

దురద ఆగాలంటే

ఎగ్జిమాకు మొదటి వైద్యం చర్మం మీదే. స్నానం గోరువెచ్చని నీళ్లతో, కొద్దిసేపే. ఒళ్లు పూర్తిగా ఆరకముందే తేమనిచ్చే క్రీము గానీ, వాజలీన్ లాంటిది గానీ దండిగా రాయాలి. రోజుకు రెండుసార్లు తప్పనిసరి. పుట్టిన ప్రతి బిడ్డకూ ముందుజాగ్రత్తగా రాస్తే ఎగ్జిమా రాకుండా ఆగుతుందా అని బ్రిటన్‌లో 1,394 మంది పిల్లల మీద చూస్తే ఆగలేదు (2020). వచ్చినవాళ్లకు మాత్రం వైద్యంలో ఇది తప్పనిసరి. ఎర్రబడి రేగినప్పుడు డాక్టరు రాసే స్టెరాయిడ్ పూతకు భయపడనక్కర్లేదు, చెప్పినన్ని రోజులు చెప్పిన చోట రాస్తే చాలు. భయపడాల్సింది షాపులో 'దురదకు ఇవ్వు' అని అడిగితే చేతిలో పెట్టే మిశ్రమం ట్యూబుకు. తామర మీద రాస్తే పైకి అణిగినట్టు కనిపించి లోపల పాకుతుంది. చీటీ లేకుండా ఇలాంటి స్టెరాయిడ్ పూతలు అమ్మడాన్ని 2018లో కేంద్రం కట్టడి చేసింది. సరిహద్దుకు ఇటూ అటూ ఆ నిబంధన ఒకటే.

ఏదైనా తిన్న నిమిషాల్లో, లేదా రెండు గంటల్లోపు పెదవులు వాచినా, దద్దుర్లు లేచినా, వాంతులైనా, ఊపిరి బరువైనా అది వేరే సంగతి. అలాంటి బిడ్డను వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ తిండి మళ్లీ పెట్టాలా వద్దా అన్నది అలర్జీ తెలిసిన వైద్యుడే చెప్పాలి. ఒళ్లంతా తీవ్రంగా ఎగ్జిమా ఉన్న పసిబిడ్డకైతే మొదటిసారి గుడ్డు, వేరుశనగ పెట్టే ముందు డాక్టరును అడగడం మంచిది. మిగతా పిల్లలకు ఆరు నెలలు నిండి జావ, మెత్తన్నం మొదలుపెట్టినప్పుడే పప్పు, గుడ్డు, వేరుశనగ కూడా ఒక్కోటిగా అలవాటు చేయొచ్చు. వేయించిన బుడ్డల్ని పొట్టు తీసి వెన్నలా నూరి, రాగిజావలో చెంచాడు కలిపితే సరి. గింజలు మాత్రం ఐదేళ్లలోపు పిల్లల చేతికి ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడతాయి.